మోతలో పిన్ని కునుకు

నిద్రపోతున్న మనిషికీ, నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్న మనిషికీ తేడా ఎలా కనిపెట్టడం? డెబ్భై తొమ్మిదేళ్లు వచ్చాయి, ఇల్లు పట్టనన్ని పుస్తకాలు చదివాను, ఎక్కడా జవాబు దొరకలేదు. చెప్పగలిగిన మనిషి ఒక్కర్తే, మా పిన్ని. ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను అడగలేదు. అడిగి ఉన్నా, "నిద్రపోయేవాళ్లకి తాము నిద్రపోతున్నామని ఎలా తెలుస్తుందిరా?" అని నన్నే ఎదురడిగేది.

మా పిన్నికి ఊరు మొత్తంలో నిద్ర పట్టే చోటు ఒక్కటే. అది మంచం కాదు, పడక్కుర్చీ కాదు. పాత టైర్ల గోడౌను. అందులో ప్రతి శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా నల్లచొక్కాల కుర్రాళ్లు హెవీ మెటల్ వాయించేవారు. పక్కవీధిలో కిటికీ అద్దాలు వణికేవి. కాకులు ఆ కప్పు మీద వాలడం మానేశాయి. అక్కడ, వేదికకి ఎనిమిదడుగుల దూరంలో, మనిషంత ఎత్తు స్పీకరు పక్కన, మడతకుర్చీలో మా పిన్ని పసిపిల్లలా నిద్రపోయేది.

పిన్ని అంటే మా అమ్మకి ఆఖరి చెల్లెలు. నాకంటే నాలుగేళ్లే పెద్ద. అయినా నాకు అరవై ఒకటో ఏడు వచ్చాక కూడా "ఒరేయ్ అబ్బాయీ" అనే పిలిచేది. ముప్ఫై నాలుగేళ్లు బట్టల మిల్లులో, మగ్గాల షెడ్డులో పనిచేసింది. ఒకే కప్పు కింద రెండు వందల మరమగ్గాలు. ఒక్కొక్కటీ నిమిషానికి నూట అరవై సార్లు, పోగు మోసే నాడెను అటూ ఇటూ కొట్టేది. ఆ లెక్కన ఆవిడ చెవుల మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో చూద్దామని ఒకసారి కాగితం తీసుకున్నాను. సున్నాలకి చోటు చాలక మానేశాను.

రిటైరయింది. ఆ రోజు నుంచి నిద్ర లేదు.

"ఈ నిశ్శబ్దం దోమలా చెవి దగ్గరే తిరుగుతోందిరా. చంపుదామంటే చేతికి దొరకదు" అనేది.

డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన నాడి చూసి, నాలుక చూసి, "అమ్మా, ప్రశాంతమైన చోట పడుకోండి" అన్నాడు.

"నా జబ్బు పేరే మందుల చీటీ మీద రాసిచ్చాడు మహానుభావుడు" అని చీటీ అక్కడే వదిలేసి వచ్చింది.

తరువాత సొంత వైద్యం. మంచం పక్కన మిక్సీ పెట్టి ఖాళీగా తిప్పింది. అది కాలిపోయింది. బట్టలుతికే యంత్రంలో రెండు జతల బూట్లు పడేసి తిప్పింది. ఈవిడకి కాస్త కునుకు పట్టింది గానీ, పైవాటాలో వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. బస్సులో ఇంజను పక్క సీటు నయమనిపించింది. కాకపోతే ప్రతి నలభై నిమిషాలకీ చివరి స్టాపు వచ్చేది.

"దిగండమ్మా" అనేవాడు కండక్టరు.

"ఎందుకెక్కానో కనుక్కోకుండా దిగమంటావేమయ్యా?" అనేది పిన్ని.

అలా ఒక శనివారం చివరి స్టాపులో దిగి నడుస్తూ ఉంటే, టైర్ల గోడౌను గోడ వణుకుతూ కనిపించిందట. ఆవిడ ముందు చెయ్యి ఆనించింది. తర్వాత చెవి ఆనించింది. తర్వాత మెట్టు మీద కూలబడింది. మూడు గంటలయ్యాక గేటు దగ్గర టికెట్లు చించే ఆయన భుజం తట్టి, "అమ్మా, అయిపోయింది, మూసేస్తున్నాం" అన్నాడు.

"అప్పుడే షిఫ్టు అయిపోయిందా?" అని కళ్లు నులుముకుంది పిన్ని.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చింది.

ఆ రోజుల్లో నా సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. నా భార్య పోయి పదకొండు నెలలైంది. ఆ పదకొండు నెలల్లో నేను వీధి గుమ్మం దాటలేదు. సరుకులు గుమ్మంలోకే వచ్చేవి. ఎవరైనా పలకరిస్తే పుస్తకం చదువుకుంటున్నానని చెప్పేవాణ్ణి. అది అబద్ధం కాదు. చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉండేది. ఒకటే పుస్తకం, నలభై ఏడో పేజీ. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేసినవాణ్ణి, రోజుకి నూరు పేజీలు నమిలి మింగినవాణ్ణి, ఆ ఒక్క పేజీ తిప్పలేకపోయాను. ఆసుపత్రి వసారాలో ఆ పేజీ చదువుతుండగానే నర్సు వచ్చి నన్ను లోపలికి పిలిచింది.

బంధువులు ఒక్కొక్కరే వచ్చి, "నలుగురిలో తిరగాలి, గాలి మారాలి" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లారు. పిన్ని అటువంటి మాట ఒక్కటీ అనలేదు. వస్తూనే తగువు పెట్టుకుంది.

"ఒరేయ్ అబ్బాయీ, వచ్చే శనివారం నాతో రావాలి."

"ఎక్కడికి పిన్నీ?"

"నిద్రపోవడానికి."

"నువ్వు నిద్రపోతే మధ్యలో నేనెందుకు?"

"ఒంటరి ఆడదాన్ని. నోరు తెరుచుకుని నిద్రపోతే సంచీ ఎవడైనా ఎత్తుకుపోతాడు. కాపలా కూర్చో."

"సంచీలో ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. అయినా నా సంచీ నా సంచీయే కదరా!"

"నాకు చదువుకునేది ఉంది పిన్నీ."

"తెచ్చుకో. నేను నిద్రపోతాను, నువ్వు చదువుకో. రెండేళ్ల తర్వాత నిన్ననే కంటినిండా నిద్రపోయాను. మళ్లీ నిద్ర లేక నేను పోతే ఆ పాపం నీదే."



శనివారం వెళ్లాం. గేటు దగ్గర వరసలో అందరూ నల్లచొక్కాలు, వాటి మీద పుర్రెలు, ఎముకలు, మంటలు. మధ్యలో ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో నేను, చంకలో మడతకుర్చీతో పిన్ని. టికెట్లాయన మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు.

"ఎవరి తాలూకు మీరు?"

"టికెట్టు తాలూకు" అంది పిన్ని.

ఆయన మా మణికట్ల మీద ముద్రలు వేశాడు. నాది వంకరగా పడింది, ఒక అక్షరం పడనేలేదు. చూపించాను. వెనకాల వరస ఆగిపోయింది. పాపం, మళ్లీ వేశాడు.

లోపల గోడలన్నీ నల్లరంగు. నేల చెప్పులకి అంటుకుంటోంది. పాత టైర్ల వాసన, చెమట వాసన, వేడెక్కిన తీగల వాసన. పిన్ని దూది తీసి నా చెవుల్లో కుక్కింది. కుర్చీ విప్పింది. చెప్పులు విడిచి కుర్చీ కింద జతగా సర్దింది. శాలువా మెడ దాకా లాక్కుని, వేదిక వైపు చెయ్యి ఊపి, "ఊఁ, ఇక కానివ్వండి నాయనా" అంది.

వాళ్లు కానిచ్చారు.

ఆ చప్పుడు నాకు చెవుల్లోంచి రాలేదు. నేలలోంచి మోకాళ్లలోకి, మోకాళ్లలోంచి పొట్టలోకి ఎక్కింది. జేబులో కలం గజగజలాడింది. కళ్లజోడు ఎవరూ ముట్టుకోకుండానే ముక్కు చివరికి దిగివచ్చింది. డ్రమ్ములవాడు పగవాడు దొరికినట్టు బాదుతున్నాడు. బొడ్డు దాకా గడ్డం పెంచిన పాటగాడు గులకరాళ్లు పుక్కిలిస్తున్నట్టు అరుస్తున్నాడు. మధ్యలో వందమంది కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటున్నారు. ఎవడైనా కింద పడితే నలుగురు చటుక్కున లేవదీసి, దుమ్ము దులిపి, దెబ్బ తగల్లేదని రూఢి చేసుకుని, మళ్లీ గుద్దుతున్నారు. అంత మర్యాదగల కొట్లాట నేను ఎక్కడా చూడలేదు.

పిన్ని వైపు చూశాను. తల కుడి భుజం మీదికి వాలిపోయి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. సంచీ నా ఒళ్లో ఉంది. పుస్తకం సంచీ మీద ఉంది. నలభై ఏడో పేజీ.

మూడో శనివారానికి గడ్డం పాటగాడికి పౌరుషం వచ్చింది. వేదిక మీంచి దూకి, పిన్ని మొహానికి జానెడు దూరంలో నిలబడి, నరాలు ఉబ్బేలా ఒక అరుపు అరిచాడు. నా దూది జారిపోయింది. పిన్ని చెవి మీదికి శాలువా లాక్కుని అటు తిరిగి పడుకుంది. ప్రోగ్రాం అయ్యాక అతను చేతులు కట్టుకుని వచ్చాడు.

"పిన్నిగారూ, మా సంగీతం మీకంత విసుగ్గా ఉందా అండీ?"

"అయ్యో, ఎంత మాట! ఆ రెండో పాటకి నాకు ఒళ్లే తెలియలేదు నాయనా."

"అది అన్నిటికంటే భయంకరమైన పాటండీ."

"అదే చెబుతున్నాను."

అతను కాసేపు ఆలోచించి, దీన్ని పొగడ్తగానే తీసుకోవాలని నిశ్చయించుకున్నాడు. అప్పటినుంచి ఆ హాలులో పిన్ని నిద్ర ఒక శకునమైపోయింది. వాయించేవాళ్లు తెర వెనక నుంచి తొంగి చూసేవారు. "పిన్ని పడుకుందా?" "ఇంకా లేదు, ఆవలిస్తోంది." "అయితే పెంచు, పెంచు!" ఒకసారి వేరే ఊరి బృందం వస్తే పిన్ని మూడు గంటలూ కళ్లు తెరుచుకునే కూర్చుంది. వాళ్లు తిరిగి వెళ్లే దారిలోనే విడిపోయారని చెప్పుకున్నారు.

సౌండు చూసే ఆయన మొదట్లో ఈ గొడవ పట్టించుకోలేదు. ఒకరోజు పాట మధ్యలో పిన్ని దిగ్గున లేచి కూర్చుని, ఎడమచెయ్యి చాపి, "పోగు తెగింది! అటు మూల, కింద!" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. పాట అయ్యాక చూస్తే ఎడమ మూల కింది స్పీకరు చచ్చిపోయి ఉంది. అంతే, మరుసటి శనివారం నుంచి ఆయన తన ముందున్న మీటర్ల ముళ్లూ దీపాలూ చూడటం మానేసి పిన్ని మొహం చూస్తూ మీటలు తిప్పేవాడు. నాకు కూర్చోవడానికి ఎత్తుపీట ఒకటి వేయించాడు. కాపలావాడిగా నాకు దొరికిన గౌరవం అదే.

పిన్నికి ఇంకో విద్య కూడా ఉంది. మిల్లు మోతలో మాట వినపడదు గనక అక్కడి ఆడవాళ్లు గొంతు లేకుండా పెదవులతోనే మాట్లాడుకునేవారు. ఇరవై మగ్గాల అవతలున్న మనిషి పెదవులు చూసి, ఆవిడకి కోడలితో ఏం గొడవైందో వివరంగా చెప్పగలిగేవారు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. పిన్ని ఫోను చేసి గొంతు లేకుండా పెదవులు కదిపేది. ఇటువైపు నేను "హలో, హలో" అని అరిచేవాణ్ణి. "వీడేమిటి, ఒకటే అరుపు, ఒక్కదానికీ జవాబు చెప్పడు" అని పెట్టేసేది.

గడ్డం పాటగాడు ఏం అరుస్తాడో అభిమానులకి కూడా తెలియదు. లోకం తగలబడిపోతోందని పాట అని కొందరు, దయ్యాలకి మొక్కు అని కొందరు వాదించుకునేవారు. ఒకసారి నిద్ర పట్టే ముందు పిన్ని అతని పెదవుల మీద ఒక పాట పూర్తిగా చదివింది. విరామంలో కుర్రాళ్లు చుట్టూ మూగారు.

"ఏముంది, వాళ్లమ్మకి రెండు వారాలుగా ఫోను చెయ్యలేదట. అదే బాధ" అంది పిన్ని.

అందరూ పాటగాడి వైపు తిరిగారు. గడ్డం వదిలిన చోటంతా ఎర్రబడింది. ఆ పూట అతను బయట మెట్ల మీద కూర్చుని ఫోనులో, "తిన్నానమ్మా... తిన్నానని చెబుతున్నానా..." అంటూ ఉండగా నేనే చూశాను.

ఇక నా సంగతి. ఐదో నెలలో కాబోలు, ఒక శనివారం విసుగొచ్చి "ఛీ, ఏమిటీ మోత!" అని పైకే అన్నాను. నా మాట నాకే వినపడలేదు. ఇంకోసారి అన్నాను. వినపడలేదు. ఇదేదో బాగుందే అనిపించింది. మా ఇంట్లో గట్టిగా నిట్టూరిస్తే గోడ తిరిగి నిట్టూరుస్తుంది. ఇక్కడ వందమంది మధ్య ఏమన్నా ఎవరికీ చేరదు. పిన్నికి పెదవులు చదవడం వచ్చు, నిజమే. కానీ కళ్లు మూసుకున్న మనిషి ఏం చదువుతుంది?

రెండో పాటకల్లా నా భార్యతో మాట్లాడుతున్నాను.

పెద్ద విషయాలేమీ కావు. "బీరువా రెండో తాళం ఎక్కడ పెట్టావు? ఇల్లంతా వెతికాను. నీలం రగ్గు చల్లనీళ్లలో ఉతకాలా, వేడినీళ్లలోనా? కళ్లజోడు పెట్టె మీద నువ్వు రాసిన ఫోను నంబరు ఎవరిది?" ఇలాంటివి. నాలుగైదు వారాలు ఇలాగే గడిచాయి. తర్వాత ఒకరోజు, డ్రమ్ములు మంచి ఊపులో ఉండగా, అసలు మాట వచ్చింది. "నేను వసారాలో చదువుకుంటూ ఉన్నాను. నువ్వు పిలిచావేమో. నాకు వినపడలేదు."

ఆ మాట వరసగా మూడు శనివారాలు అన్నాను. మూడోసారి అన్నాక పుస్తకం తెరిచి, నలభై ఎనిమిదో పేజీకి తిప్పాను. అందులో విశేషమేమీ లేదు. కథలో ఒకాయన స్టేషనులో రైలు కోసం ఎదురుచూస్తున్నాడు. అయినా యాభై రెండో పేజీ దాకా చదివాను. రైలు వచ్చింది.

ఆ సాయంత్రం బస్సులో పిన్ని కిటికీలోంచి చూస్తూ, "ఒరేయ్ అబ్బాయీ, బీరువా రెండో తాళం కుట్టుమిషను సొరుగులో చూశావా?" అంది.

"తాళం పోయిందని నీకెవరు చెప్పారు పిన్నీ?"

"కలొచ్చిందిరా. గాఢనిద్రలో వచ్చే కలలు అబద్ధం కావు."

తాళం సొరుగులోనే ఉంది, దారపు ఉండల కింద. నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. నా కంటికి అచ్చుతప్పు కనిపిస్తుంది గానీ ఎదురుగా ఉన్న మనిషి కనిపించదని నా భార్య అంటూ ఉండేది.

ఆ తర్వాత ఒక శనివారం కుర్చీ మోసుకు రావడానికి పిన్ని ఇంటికి వెళితే, మిల్లులో ఆవిడ పక్కమగ్గం మీద పనిచేసినావిడ వచ్చి ఉంది. పిన్ని లోపల టీ కాస్తోంది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాను.

"అందరికీ పెదవులు చదవడం వస్తే మీ షెడ్డులో రహస్యం ఎలా దాగేదండీ?"

"ఎందుకు దాగదు బాబూ!" ఆవిడ గొంతుకి కిటికీ రెక్క కదిలింది. "దానికో కట్టుబాటు ఉండేది. ఎవరికైనా కడుపులో బాధ పొంగుకొస్తే, మగ్గం వైపు తిరిగి మగ్గానికే చెప్పుకునేది. పక్కనున్నవాళ్లు చూడకూడదు. చేతిలో పనుంటే చూపు నూలు మీదికి దించాలి. పని లేకపోతే కళ్లు మూసుకోవాలి. మా చెవులు కళ్లలోనే కదా ఉండేవి! కళ్లు మూస్తే తలుపేసినట్టే."

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. తర్వాత అడిగాను. "మా పిన్ని కూడా మూసేదా?"

"మీ పిన్నా! నిద్రపోతోందేమో అనుకోవాలి మనం. అంత ఒద్దికగా మూసేది. కాకపోతే..." ఆవిడ గొంతు తగ్గించాననుకుంది. వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. "అప్పుడప్పుడు ఒక కన్ను తెరిచేది. మంచికేలే. ఎవరికేం కావాలో తెలియొద్దూ?"

"ఏమిటే, మావాడికి చాడీలు చెబుతున్నావు?" అంటూ పిన్ని టీ పళ్లెంతో వచ్చింది.

ఆ సాయంత్రం నేను పుస్తకం తెరవలేదు. ఎత్తుపీట మీద కూర్చుని రెప్పవాల్చకుండా పిన్నినే చూశాను. తల కుడి భుజం మీదికి వాలి ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఊపిరి సమంగా ఉంది. పరీక్ష పెడదామనుకున్నాను. పెదవులు బాగా కదుపుతూ, "పిన్నీ, నీ సంచీ ఎవడో ఎత్తుకుపోతున్నాడు" అన్నాను. చలనం లేదు. "పిన్నీ, ఇల్లు తగలబడుతోంది" అన్నాను. లేదు. కాసేపాగి, "పిన్నీ, నువ్వు లేకపోతే నేనింకా నలభై ఏడో పేజీలోనే ఉండేవాణ్ణి" అన్నాను.

పెదవి చివర కొంచెం వంగినట్టు అనిపించింది. కానీ ఎర్రదీపాలు వెలిగి ఆరుతున్నాయి, నా కళ్లజోడు ముక్కు చివర ఉంది. ఆ సాక్ష్యం చెల్లదు.

అంతలో పిన్ని మెల్లిగా స్పీకరు వైపు తిరిగింది. ఆవిడ పెదవులు కదలడం మొదలుపెట్టాయి. కలలో మాటలో, కాదో. ముప్ఫై నాలుగేళ్లు అందరి బాధలూ చూసి కళ్లు మూసుకున్న మనిషికి తనవి చెప్పుకోవడానికి మగ్గం లేక ఎన్నాళ్లయిందో. నాకు పెదవులు చదవడం రాదు. రాకపోయినా కట్టుబాటు కట్టుబాటే. నేను కళ్లు మూసుకున్నాను.

ఎవరో భుజం తట్టారు. టికెట్లాయన.

"అయ్యా, అయిపోయింది, మూసేస్తున్నాం."

హాలంతా ఖాళీ. సౌండాయన తీగలు చుట్టుకుంటున్నాడు. నా తల స్పీకరుకి ఆని ఉంది. నా మీద పిన్ని శాలువా ఉంది. ఒళ్లో పిన్ని సంచీ భద్రంగా ఉంది. పక్కన మడతకుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ కింద చెప్పులు లేవు.

"పిన్ని ఏదీ?"

"పిన్నిగారా? ఆరింటికే వెళ్లి బస్సెక్కేశారు. మిమ్మల్ని లేపొద్దని సైగ చేశారు."

"వెళ్తూ ఏమైనా చెప్పిందా?"

ఆయన బుర్ర గోక్కున్నాడు.

"చెప్పే ఉంటారండీ. పెదవులైతే కదిలాయి. నాకేమీ వినపడలేదు."